కొత్త పిల్లి మంచం కిందే ఉండిపోతోందా? ముందు నేల వాసన చూడండి

పిల్లిని ఇంటికి తెచ్చి పది రోజులైనా అది బయటికి రావడం లేదని నన్ను అడిగేవారికి నేను మొదట వేసే ప్రశ్న ఒక్కటే: మీ ఇంట్లో నేలను దేనితో తుడుస్తారు? చాలామంది ఆ ప్రశ్నను దాటవేసి, పిల్లి జాతి గురించి, దాని పాత యజమాని గురించి, తాము కొన్న ఖరీదైన పరుపు గురించి చెప్పడం మొదలుపెడతారు. తిండి, నీళ్లు, ఇసుక ట్రే, టీకాలు వంటివి మీకు తెలుసుననే ఉద్దేశంతో, లక్షణాన్ని బట్టి కారణాన్ని, కారణాన్ని బట్టి పరిష్కారాన్ని ఇక్కడ రాస్తున్నాను. నేల సంగతికి మధ్యలో వస్తాను, అది కాస్త పెద్ద కథ.

లక్షణం: వచ్చిన రోజు నుంచి దాక్కునే ఉంది

మొదటి మూడు రోజులూ ఇది సమస్య కాదు. బిడియం గల పిల్లికి వారం పట్టినా ఆశ్చర్యపడనక్కరలేదు. అంతకు మించి సాగితే, ఎక్కువ ఇళ్లలో కారణం దానికి ఒకేసారి ఇల్లంతా ఇచ్చేయడమే. పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందంటారు, కానీ కొత్త పిల్లిని మనం ఎత్తుకుని ఏడు గదులు తిప్పకూడదు. టీవీ, మిక్సీ, కాలింగ్ బెల్ మోతలకు దూరంగా ఉన్న ఒక గదిని దానికి కేటాయించి, తిండి ఒక మూల, ట్రే ఎదుటి మూల ఉంచి, రెండు మూడు రోజులు తలుపు మూసి ఉంచాలి. బీరువా వెనుక, మంచం అరల లోపల వంటి మన చెయ్యి అందని సందులను పాత దిండ్లతో మూసేసి, వాటికి బదులుగా ఒక అట్టపెట్టెను బోర్లించి, పక్కన చిన్న గుమ్మం కోసి పెట్టాలి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక సంరక్షణ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లులను గమనించి 2014లో ప్రచురించిన ఫలితాల్లో, దాక్కునే పెట్టె దొరికిన పిల్లులు దొరకని వాటికన్నా తక్కువ ఒత్తిడితో, త్వరగా కొత్తచోటుకు అలవాటు పడ్డాయని తేలింది. దాక్కునే చోటు ఇస్తే అసలు బయటికే రాదని భయపడి పెట్టెను తీసేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పెట్టెలో చెయ్యి పెట్టి లాగకూడదు. గదిలో నేల మీద కూర్చుని, పిల్లి వైపు గుచ్చి చూడకుండా పుస్తకమో ఫోనో చూసుకుంటూ అరగంట గడపడం చాలు. చూపులు కలిసినప్పుడు కళ్లు మెల్లగా సగం మూసి తెరవండి. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా చేసిన మనుషులకు పిల్లులు కూడా కళ్లు చికిలించి బదులిచ్చాయి, చాచిన చేతి దగ్గరకు రావడానికి ఎక్కువ మొగ్గు చూపాయి. పిల్లిని చూడటానికి బంధువులు వస్తామంటే రెండు వారాల తర్వాత రమ్మనండి. బెదిరి ఎవరినైనా గీరినా, కరిచినా ఆ చోటును సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ టీకా విషయంలో మొహమాటం పనికిరాదు.

లక్షణం: గిన్నె ముట్టడం లేదు

ముందు నిజంగా తినడం లేదో, మనం చూస్తుండగా తినడం లేదో తేల్చుకోవాలి. రాత్రి పెట్టిన తిండిని వంటింటి తూకంలో తూచి పెట్టి, తెల్లవారాక మళ్లీ తూస్తే సంగతి తెలిసిపోతుంది. పాత ఇంట్లో తిన్న తిండినే మొదటి వారం కొనసాగించి, తడి ఆహారమైతే గోరువెచ్చగా చేసి పెడితే వాసనకు చాలా పిల్లులు లొంగుతాయి. పూర్తిగా 24 గంటలు ఏమీ తినకపోతే పశువైద్యుడికి ఫోన్ చేయాలి. రెండు మూడు రోజులు పస్తున్న పిల్లికి, ముఖ్యంగా బొద్దుగా ఉన్నదానికి, ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదకు వస్తుంది. కూనల విషయంలో ఆ 24 గంటలు కూడా ఆగకూడదు.

పాలన్నం, పెరుగన్నం పెట్టి తినడం లేదని బాధపడేవారికి నేను చెప్పగలిగింది తక్కువ. పిల్లికి అవసరమైన టారిన్ అనే పోషకం మాంసాహారంలో దొరుకుతుంది. అది లోపిస్తే చూపు, గుండె దెబ్బతింటాయి. కూరలోంచి ముక్క తీసి కడిగి పెట్టడం కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి.

లక్షణం: బాగానే అలవాటు పడినట్టుంది, కానీ రోజూ ఒక వేళకు మళ్లీ మాయమవుతోంది

నన్ను ముప్పతిప్పలు పెట్టింది ఇదే. కొన్నేళ్ల క్రితం మా ఫ్లాట్‌కు రెండేళ్ల బూడిదరంగు చారల ఆడపిల్లి వచ్చింది. వారం తిరిగేసరికి సాయంత్రాలు హాల్లోకి వచ్చి సోఫా కాలికి చెంపలు రుద్దుకునేది. అయితే ఉదయం తొమ్మిదిన్నరకు మాయమై మళ్లీ మూడింటి దాకా కనిపించేది కాదు. సరిగ్గా ఆ వేళకే పనమ్మాయి వస్తుంది, ఆమె సెలవు పెట్టిన రోజుల్లో పిల్లి హాయిగా తిరుగుతుంది. ఇంకేముంది, పిల్లి ఆమెను చూసి బెదురుతోందని తీర్మానించేసి, గాజులు చప్పుడు చేయవద్దని, మెల్లగా నడవమని ఆమెకు పాఠాలు చెప్పాను. ‘‘నేను దాన్ని ఒక్క మాట కూడా అనలేదమ్మా’’ అని ఆమె నొచ్చుకుంది. నెల రోజులు ఇలాగే గడిచాక ఒక రోజు ఇంట్లో ఫినాయిల్ అయిపోయి ఆమె ఉత్త నీళ్లతో తుడిచింది. గది సగం తుడిచేసరికి పిల్లి నడుచుకుంటూ వచ్చి, ఆమె పక్కనున్న బకెట్ అంచుకు చెంప రుద్దుకుని, తడి నేల మీదే కూర్చుంది. ఆమె నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఫినాయిల్ మూడు రకాలుగా పిల్లిని తరుముతుంది. మొదటిది వాసన. మన ముక్కు నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున ఉంటే దాని ముక్కు జానెడు ఎత్తున, అదీ మనకన్నా ఎన్నో రెట్లు చురుకుగా ఉంటుంది. మనకు శుభ్రంగా తోచే గది దానికి కళ్లు మండే పొగలాంటిది. నమ్మకం లేకపోతే తుడిచిన పది నిమిషాలకు మోకాళ్ల మీద కూర్చుని, గడప దగ్గర ముఖం పెట్టి ఒకసారి గాలి పీల్చి చూడండి. ఈ చిన్న పరీక్షకు ఖర్చేమీ లేదు, అయినా దాదాపు ఎవరూ చేయరు.

రెండోది, పిల్లి ముద్రలు చెరిగిపోవడం. పిల్లి చెంపలలోని గ్రంథుల నుంచి వచ్చే వాసనను సోఫా కాళ్లకు, గుమ్మాలకు, గోడ మూలలకు రుద్ది, ఈ చోటు తనకు తెలిసినదే అని గుర్తు పెట్టుకుంటుంది. రోజూ మనం ఆ ముద్రలను ఘాటైన ద్రవంతో కడిగేస్తే, రోజూ దానికి అది కొత్త ఇల్లే అవుతుంది. ధైర్యం గల పిల్లి విసుగు లేకుండా మళ్లీ రుద్దుకుంటుంది. బిడియం గలది మంచం కిందికి వెళ్లిపోతుంది.

మూడోది విషం. నల్ల ఫినాయిల్‌లో తారు నుంచి తీసిన ఫినాల్ జాతి పదార్థాలు ఉంటాయి, తెల్ల ఫినాయిల్‌లో ఎక్కువగా పైన్ నూనె ఉంటుంది. మన కాలేయం ఫినాల్ పదార్థాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జోడించి ఒంట్లోంచి పంపేస్తుంది, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలగడానికీ ప్రధాన కారణం ఇదే. పైన్ నూనె కూడా దానికి పడదు. తడి నేల మీద నడిచిన పిల్లి ఆ తర్వాత పాదాలు నాకుతుంది, నాలుకకు అంటిన ద్రవం నోటిని పొక్కిస్తుంది. కాలు కాలిన పిల్లిలా అనే మాటను మనం తేలిగ్గా వాడేస్తాం గానీ, ఇక్కడ అది అక్షరాలా నిజమవుతుంది. పిల్లికి చొంగ కారుతున్నా, పదే పదే పాదాలు నాకుతున్నా, పాదాల కింది మెత్తలు ఎర్రబడినా, వాటిని గోరువెచ్చని నీళ్లతో, కొద్దిపాటి గిన్నెల సబ్బుతో కడిగి వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు.

సీసా మీది అక్షరాలు చదవలేకపోతే ఒక గుర్తు చెబుతాను. గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కలు వేయండి. నీళ్లు పాలలా తెల్లబడితే ఆ ద్రవాన్ని పిల్లి తిరిగే చోట వాడకండి. గాయాలు కడగడానికి మనం వాడే గోధుమరంగు యాంటీసెప్టిక్ ద్రవం కూడా ఇలాగే తెల్లబడుతుంది. అందులోని క్లోరోజైలెనాల్ కూడా ఫినాల్ కుటుంబానిదే. ట్రేను దానితో కడిగి శుభ్రంగా ఉంచానని చెప్పేవారిని ఎందరినో చూశాను.

ఇక పరిష్కారం. పాత మడ్డి పోవడానికి నేలను మొదటి రోజు ఉత్త నీళ్లతో రెండు మూడు సార్లు తుడవాలి. ఆ తర్వాత నీళ్లలో కొద్దిగా గిన్నెల సబ్బు కలిపి తుడిచి, మళ్లీ ఉత్త నీళ్లతో తుడిస్తే సరిపోతుంది. గోడ మూలలను, సోఫా కాళ్లను జానెడు ఎత్తు వరకు రెండు వారాలు ముట్టుకోవద్దు. పిల్లి నిద్రమత్తులో చెంప నిమరనిస్తే, మెత్తని నూలు గుడ్డతో చెంపలు తుడిచి, ఆ గుడ్డను అదే ఎత్తులో గుమ్మాలకు రుద్దండి. ఫినాయిల్ సీసా ఇంట్లో ఉన్నంత కాలం ఎవరో ఒకరు అలవాటుగా వాడతారు కాబట్టి దాన్ని ఇంటి నుంచే పంపేయడం మేలు. పనమ్మాయికి, అత్తగారికి, ఇంటికి వచ్చే చుట్టాలకు కారణంతో సహా చెప్పండి.

ఇదంతా చేశాక కూడా మా ఇంట్లో వారానికి రెండు రోజులు పిల్లి మాయమవుతూనే ఉండేది. అపార్ట్‌మెంట్ సిబ్బంది కారిడార్‌ను నల్ల ఫినాయిల్‌తో కడిగే రోజులవి, ఆ నీళ్లు తలుపు కింది సందు గుండా మా గడప లోపలికి వస్తున్నాయి. తలుపు అడుగున రబ్బరు పట్టీ వేయించాక, ఇంటి ముందు భాగాన్ని ఉత్త నీళ్లతో కడగమని వారిని అడిగాక, నాలుగు రోజుల్లో తేడా కనిపించింది. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట, గది సువాసన డబ్బాలకు కూడా ఇదే విచారణ వర్తిస్తుంది. పిల్లి గదిలో అవేవీ వద్దు. బట్టల్లో వేసే నాఫ్తలీన్ ఉండలు పూర్తిగా విషం.

లక్షణం: ట్రే వదిలేసి డోర్‌మ్యాట్ మీద పోస్తోంది

పైన చెప్పిన ఫినాయిల్, యాంటీసెప్టిక్ ద్రవాల సంగతే ఇక్కడా మొదట చూడాలి. ట్రేను వేడినీళ్లతో, సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టాలి. అది వాషింగ్ మెషీన్ పక్కన ఉంటే చోటు మార్చాలి. డోర్‌మ్యాట్‌ను ఎంజైమ్ ఉన్న క్లీనర్‌తో ఉతకకపోతే పిల్లి మళ్లీ అక్కడికే వెళుతుంది. అయితే గండుపిల్లి పదే పదే ముక్కుతూ చుక్కలు మాత్రమే పోస్తుంటే ఇదంతా పక్కన పెట్టి, రాత్రి అయినా సరే వెంటనే వైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

లక్షణం: రాత్రంతా అరుస్తోంది

పడుకునే ముందు పావుగంట తాడుతోనో ఈకతోనో ఆడించి, ఆ తర్వాత తిండి పెడితే చాలా పిల్లులు సర్దుకుంటాయి. ఎదకు వచ్చిన పిల్లి మాత్రం దీనికి లొంగదు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఒక్కటే దారి. కిటికీ వైపే తిరిగి అరుస్తుంటే బయట గండుపిల్లి తచ్చాడుతోందేమో చూసి, కింది సగం అద్దానికి కాగితం అంటించండి.

మిగిలిన అరుదైన కారణాలు

పంటి నొప్పి, చెవుడు, ముసలి పిల్లుల థైరాయిడ్ వంటివి వైద్యుడు చూడవలసినవి, మీరు ఇంట్లో కూర్చుని ఊహించవలసినవి కావు. ఎలుకలను తరిమే అల్ట్రాసోనిక్ పరికరం ప్లగ్గులో ఉంటే పీకేయండి. మనకు వినబడే 20 కిలోహెర్ట్జ్‌లకు ఎంతో పైనున్న శబ్దాలు పిల్లికి వినబడతాయి. కుక్కల పేలు, గోమార్ల కోసం వాడే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి ప్రాణాంతకం. ఇంట్లో కుక్క కూడా ఉంటే దానికి వాడే మందులో పెర్మెత్రిన్ ఉందేమో పశువైద్యుడిని అడగండి. వాస్తు సంగతి నన్ను అడగవద్దు. ఇంకా పిల్లిని తేకుండా ఈ వ్యాసం చదువుతున్నవారైతే, దీపావళికి ముందు మూడు వారాల్లో మాత్రం తేకండి, టపాసుల మోత పూర్తిగా తగ్గాకే తెచ్చుకోండి.