అమెరికాలో ఇల్లు కొనే ముందు ఊరి పైపులు, వంతెనల లెక్క చూడటం ఎలా?

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు స్కూల్ రేటింగ్ చూస్తాం, పునాది చెక్ చేయిస్తాం. వీధి కింద పైపు ఏ కాలం నాటిదో మాత్రం అడగం. కొత్త కాలనీల్లో రోడ్లు, పైపులు చాలాచోట్ల బిల్డరే వేసి ఊరికి అప్పగిస్తాడు. కొన్ని దశాబ్దాలకు అవన్నీ ఇంచుమించు ఒకేసారి పాతబడతాయి. ఆ భారం అప్పుడు అక్కడున్నవాళ్ల ప్రాపర్టీ ట్యాక్స్, వాటర్ బిల్లుల మీద పడుతుంది. అందుకే ఆఫర్ పెట్టే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి.

1. ఊరి వెబ్‌సైట్‌లో యాన్యువల్ ఫైనాన్షియల్ రిపోర్ట్ తెరిచి 'క్యాపిటల్ అసెట్స్' (రోడ్లు, పైపులు, భవనాల లాంటి ఊరి ఆస్తులు) నోట్ వెతకండి. భూమిని వదిలేసి, ఇప్పటిదాకా రాసిన మొత్తం తరుగుదలను (వాడకం వల్ల ఏటా తగ్గించి రాసిన విలువను) ఆస్తుల అసలు ఖరీదుతో భాగించండి. ఖరీదు 20 కోట్ల డాలర్లు, తరుగుదల 13 కోట్లు అయితే లెక్క ప్రకారం 65 శాతం ఆయుష్షు అయిపోయినట్టే. ఐదేళ్ల కిందటి రిపోర్టుతో పోల్చండి. శాతం పెరుగుతూ పోతుంటే, అరుగుతున్నంత వేగంగా కొత్తవి వేయడం లేదన్నమాట. పైగా అవి పాత ధరలు. ఇవాళ మార్చాలంటే ఖర్చు చాలా ఎక్కువ.

2. నీటి విభాగానికి ఫోన్ చేసి మొత్తం ఎన్ని మైళ్ల పైపులున్నాయో, ఏటా ఎన్ని మైళ్లు మారుస్తున్నారో కనుక్కోండి. 200 మైళ్లలో ఏటా ఒక మైలే మారిస్తే అన్నీ మారడానికి 200 ఏళ్లు పడుతుంది. వందేళ్లు దాటి మన్నిన ఇనప పైపులు ఉన్నమాట నిజమే కానీ, 200 ఏళ్లు మన్నుతాయని నమ్ముకోలేం. వాటర్ బిల్లు తక్కువని సంబరపడకండి, కారణం అడగండి.

3. నేషనల్ బ్రిడ్జ్ ఇన్వెంటరీలో (దేశంలోని వంతెనల స్థితి చెప్పే ప్రభుత్వ జాబితాలో) దగ్గరి వంతెనల రేటింగ్ చూడండి. 0 నుంచి 9 వరకు ఇస్తారు. 4, అంతకంటే తక్కువైతే 'పూర్'. పూర్ అంటే రేపే కూలుతుందని కాదు. చెప్పిన రిపేర్లు చేశారా లేదా అన్నదే ముఖ్యం. పిట్స్‌బర్గ్‌లో ఫెర్న్ హాలో వంతెన 2011 నుంచీ పూర్‌లోనే ఉండి, 2022 జనవరి 28న కూలింది. నీళ్లు పోయే దారులు ఆకులు, చెత్తతో పూడిపోయి, తడి నిలిచి, ఉక్కు కాళ్లు తుప్పుపట్టాయి. తనిఖీ చేసినవాళ్లు ఈ సంగతి పదేపదే రాశారు. చెత్త తీయించడానికి కోట్లు అక్కర్లేదు కదా!

4. కాండో (ఉమ్మడి భవనంలో సొంత ఫ్లాట్) అయితే అసోసియేషన్ 'రిజర్వ్ స్టడీ' తప్పకుండా అడగండి. పైకప్పు లాంటి ఉమ్మడి భాగాల పెద్ద రిపేర్లకు ఎంత డబ్బు కావాలో, ఎంత దాచారో అందులో ఉంటుంది.

లెక్క బాగోలేదని ఆ ఊరిని వెంటనే వదులుకోనక్కర్లేదు. రేట్లు పెంచి పైపులు మారుస్తున్న ఊరు, వాయిదా వేసే ఊరి కంటే నయం. రేట్ల పెంపు మీద కౌన్సిల్‌లో ఎవరు ఎలా ఓటేశారో మీటింగ్ మినిట్స్‌లో చూసి, రాబోయే పెంపును మీ నెలవారీ బడ్జెట్‌లో ఇప్పుడే కలుపుకోండి.