ఇంట్లో వేసిన మిరప గింజ మొలవకపోతే ఏం చూడాలి?

పదిహేను రోజులైనా ట్రేలో ఒక్క మొలకా కనిపించకపోతే చాలామంది ముందు విత్తనాన్నే అనుమానిస్తారు. నేను చూసినంతలో దోషం ఎక్కువగా అడుగున ఉన్న చల్లదనానిదే. మిరప గింజకు 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. డిసెంబరులో హైదరాబాదు ఇళ్లలో గది వెచ్చగానే అనిపించినా, కిటికీ గట్టు మీది ట్రేలో గింజలు వేసిన తడి కొబ్బరి పొట్టు (కోకోపీట్), అందులోని నీరు ఆవిరవుతూ ఉండటం వల్ల, గది గాలికన్నా చల్లగా ఉంటుంది. అది 18 డిగ్రీలకు దిగిందంటే మొలక బాగా మందగిస్తుంది. అందుచేత థర్మామీటరును పొట్టులోనే గుచ్చి తెల్లవారుజామున చూడాలి. తక్కువ చూపిస్తే ట్రే మీద పాలిథిన్ కవరు కప్పి, ఇంట్లో రాత్రింబవళ్లు వెచ్చగా ఉండే మూలకు మార్చాలి. చలిదేశాల్లో ఉన్నవారికి ట్రే కింద పరిచే, వేడిని దానంతట అదే అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఉన్న హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే చాప) తప్పదు.

వెచ్చదనం సరిపోయినా మొలవకపోతే రకాన్ని గుర్తు చేసుకోవాలి. మన వంటింటి మిరప రకాలు సాధారణంగా ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి గాని, భూత్ జొలోకియా, హబనేరో వంటి విపరీతమైన కారపు రకాలు నాలుగైదు వారాలు కూడా తీసుకుంటాయి కనుక తొందరపడి తవ్వకూడదు.

గడువు దాటాక ఒక గింజను బయటికి తీసి వేళ్ల మధ్య నొక్కి చూడండి. మెత్తగా నలిగి చెడువాసన వస్తే నీరు ఎక్కువై కుళ్లినట్టే. ఈసారి పొట్టును గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలే రాలేంత తడి ఉంచి, గింజను అర సెంటీమీటరు లోతునే వేయాలి. గట్టిగానే ఉంటే, అదే విత్తనం పదింటిని తడి టిష్యూలో చుట్టి వెచ్చగా ఉంచి చూడాలి. రెండు మూడుకన్నా ఎక్కువ మొలవకపోతే విత్తనం పాతదని తేల్చుకోవచ్చు. నీళ్లలో తేలినవి పనికిరావన్న పరీక్షను మాత్రం నమ్మను, మంచి మిరప గింజలు కూడా తేలుతాయి.

మొలక తలకు గింజ తొక్క అంటుకుని ఉంటే నీటిచుక్క వేసి, రాత్రంతా కవరు కప్పి, నానాక మెల్లగా తీయాలి. పొడిగా లాగితే ఆకులు తెగుతాయి. కాడ సన్నగా సాగుతుంటే వెలుతురు చాలలేదని అర్థం, ఎల్‌ఈడీ దీపాన్ని దగ్గరికి దించాలి.

మొలక మొదలు నల్లబడి, నొక్కుకుపోయి, ఒరిగిపోతే అది నారుకుళ్లు తెగులు. ఒరిగినవి తిరిగి లేవవు. వాటిని పొట్టుతో సహా తీసేసి, కవరు ఎత్తి గాలి ఆడనిచ్చి, మిగిలిన నారు మొదళ్లు తడిసేలా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రనాశక మందు కలిపి పోయాలి.