పైడీబస్‌తో డెస్క్‌టాప్ అప్లికేషన్ల మధ్య సందేశాలు

లినక్స్ డెస్క్‌టాప్‌లో అప్లికేషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఎక్కువగా డీ-బస్ అనే సందేశ వ్యవస్థ మీదుగానే. పైథాన్ స్క్రిప్టులో ఆ పనిని రెండు మూడు లైన్లకు కుదించేది పైడీబస్ అనే లైబ్రరీ.

ముందు పైడీబస్‌కు అవసరమైన పైజీఆబ్జెక్ట్ లైబ్రరీని మీ లినక్స్ డిస్ట్రో ప్యాకేజీగా పెట్టుకుని, తర్వాత పైథాన్ ప్యాకేజీల ఇన్‌స్టాలర్ పిప్‌తో పైడీబస్ ఇన్‌స్టాల్ చేయండి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ వాడితే దానికి సిస్టమ్ ప్యాకేజీలు కనిపించాలి, లేదంటే ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతుంది.

నోటిఫికేషన్‌తో మొదలుపెట్టడం మేలు, ఫలితం వెంటనే కళ్ల ముందు కనిపిస్తుంది. సెషన్‌బస్ (లాగిన్ అయిన యూజర్ అప్లికేషన్ల డీ-బస్) తీసుకుని, దాని గెట్ మెథడ్‌కు ‘.నోటిఫికేషన్స్’ ఇవ్వండి. ముందున్న చుక్క ‘ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.’ అనే పూర్తి పేరుకు బదులు, దాన్ని మరవద్దు. తర్వాత నోటిఫై మెథడ్‌కు 8 విలువలు, ఇదే వరుసలో: అప్లికేషన్ పేరు, 0, ఐకాన్, శీర్షిక, విషయం, ఖాళీ లిస్టు, ఖాళీ డిక్షనరీ, 5000. చివరిది మిల్లీసెకన్లు. తిరిగొచ్చే నంబరును దాచుకోండి; తర్వాతి కాల్‌లో 0 స్థానంలో దాన్నే ఇస్తే కొత్తది రాకుండా పాత నోటిఫికేషనే మారుతుంది. డౌన్‌లోడ్ శాతం చూపడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

సిగ్నల్స్, అంటే ఇతర అప్లికేషన్లు తమంతట తాము పంపే సందేశాలు, అందుకోవాలంటే జీలిబ్ లైబ్రరీ మెయిన్‌లూప్ (సందేశాల కోసం ఎదురుచూసే లూప్) నడుస్తూ ఉండాలి. అది లేకపోతే ఎర్రర్ రాదు, సిగ్నలూ రాదు.

టెర్మినల్‌లో నడిచిన స్క్రిప్టు, నిర్ణీత సమయాల్లో పనులు నడిపే క్రాన్‌లో విఫలమైతే, సాధారణంగా సెషన్ బస్ అడ్రస్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అక్కడికి చేరకపోవడమే కారణం. ఆ వేరియబుల్‌ను క్రాన్ పనుల ఫైలు క్రాన్‌ట్యాబ్‌లోనే రాయండి.