ఆరుబయట బొమ్మ - 4వ పాఠం: నీడ జరిగేలోపు

పోయిన పాఠంలో నీటిరంగుల సంచీ సర్దుకున్నాం కదా, ఇక బొమ్మ వేయడానికి బెజవాడ దగ్గర కృష్ణ ఒడ్డుకు వెళ్దాం. సీతానగరం వైపు, బ్యారేజీకి కాస్త ఎగువన కూర్చోండి. పొద్దున ఆరున్నరకల్లా అక్కడుండాలి. ఎనిమిది దాటి వస్తే టీ తాగి ఇంటికెళ్లడం మేలు.

ఎదురుగా 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ, దాని చివర ఇంద్రకీలాద్రి. ఎండ మీ కుడివైపు నుంచి వస్తుంది. అందుకే పొద్దున బ్యారేజీ స్తంభాలు మనకు నీడ ముఖమే చూపిస్తాయి. గేట్లు 70 ఉన్నాయని అన్నీ లెక్కపెట్టి గీయకండి. దగ్గరివి నాలుగైదు విడిగా వేసి, మిగతావి ఒక్క పట్టీగా కలిపేయండి.

ముందు రంగుల జోలికి పోవద్దు. అగ్గిపెట్టెంత గడి గీసి, మూలన ఎండ ఎటు నుంచి వస్తోందో చిన్న బాణం వేసుకోండి. కళ్లు సగం మూసి చూస్తే చిల్లర వివరాలన్నీ పోయి నీడలు మిగులుతాయి. వాటిని ఆ గడిలో పెన్సిల్‌తో నింపండి. ఐదు నిమిషాల పని. ఇక ఆ రోజంతా ఆ గడి చెప్పిందే వేదం, ఎదురుగా ఎండ ఏం చేసినా సరే.

సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటలు కూర్చుంటే మీరు మొదలుపెట్టిన కొండ వేరు, చూస్తున్న కొండ వేరు. ఈ సంగతి నాకు ఒక ముసలాయన చెప్పాడు. ఏడింటికి కొండ వేసి, తొమ్మిదింటికి బ్యారేజీ వేశాను. పక్కన వల సర్దుకుంటున్న ఆయన వచ్చి, కాసేపు చూసి, "ఏం బాబూ, కొండకో సూర్యుడు, బ్యారేజీకో సూర్యుడా?" అన్నాడు. ఆ బొమ్మ ఇప్పటికీ మా బీరువా వెనకే ఉంది.

నీడ రంగుకి నల్లరంగు ట్యూబు తీయకండి. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే గోధుమరంగు కలపండి. నీలం ఎక్కువైతే దూరపు నీడ, గోధుమరంగు ఎక్కువైతే దగ్గరి నీడ.

మన బెజవాడ ఎండల్లో ఇంకో తిప్పలుంది. ఏప్రిల్‌లో ఆకాశం వాష్ (పల్చటి రంగునీళ్ల పూత) సగంలో ఉండగానే పై అంచు ఆరిపోయి గీత కట్టేస్తుంది. కాగితాన్ని ముందూ వెనకా తడిపి బోర్డుకి అతికించండి, కాస్త ఆలస్యంగా ఆరుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కంటే పల్చటిదైతే ముడతలు పడుతుంది, డబ్బులు దండగ. గొడుగు నల్లదే తెచ్చుకోండి. నేనొకసారి ఇంట్లో దొరికిన ఎర్ర గొడుగు పట్టుకెళ్తే, కాగితం మీద గులాబీ కాంతి పడి రంగులు తప్పుగా కనిపించాయి, ఇంటికొచ్చి చూసేసరికి నదంతా ఆకుపచ్చగా తేలింది!

ఈ వారం మూడు రోజులు అదే చోట, అదే వేళకు కూర్చుని రోజుకో గడి గీయండి. మూడోది అయ్యాకే పెద్ద కాగితం తీయండి, అదీ కొండ, బ్యారేజీ వరకే. నీళ్ల చోటు తెల్లగా వదిలేయండి, వచ్చే పాఠంలో చూద్దాం.