ఇంజిన్ మెషినిస్టు పాఠాలు – 3: బోరు కొలవడం

పోయిన పాఠంలో మైక్రోమీటరుతో పిస్టన్ కొలిచాం. ఈసారి బ్లాకు బోరు, అంటే ఇంజిన్ బ్లాకులో పిస్టన్ ఆడే గుండ్రటి రంధ్రం. బోరింగ్ మిషన్ దగ్గరికి ఇంకా వెళ్లడం లేదు, తొందరపడకండి. వరంగల్ ఆటోనగర్‌లో చేరినా, కరీంనగర్‌లో చేరినా, బోరు ఎంత కొట్టాలో (కోసి పెద్దది చేయాలో) కొలిచి చెప్పగలిగితేనే ఉస్తాద్ బ్లాకు మీ చేతికిస్తాడు.

బోరును డీజిల్‌తో కడిగి పొడిగా తుడవండి. మైక్రోమీటరును స్టాండర్డ్ సైజుకు, అంటే బోరు కొత్తప్పటి కొలతకు, పెట్టి లాక్ చేయండి. మన ఉదాహరణలో అది 100.00 మి.మీ. డయల్ బోర్ గేజిని (బోరు లోపలి కొలతను ముల్లుతో చూపే గేజి) ఆ మైక్రోమీటరు మొనల మధ్య ఉంచి సున్నా చేయండి. గేజి మొనను వేలితో నొక్కి చూడండి: ముల్లు ఎటు తిరిగితే అటు 'చిన్న' వైపు. కొత్తవాళ్లు ఇక్కడే తలకిందులుగా చదువుతారు. బోరులోకి దించాక గేజిని మెల్లగా ఊపితే ముల్లు ఒకచోటిదాకా వెళ్లి వెనక్కి మళ్లుతుంది. ఆ మళ్లే చోటే రీడింగు.

పైన అరగకుండా మిగిలిన గట్టుకు కాస్త కింద, నడుమ, అడుగున కొలవాలి. ప్రతిచోటా క్రాంకు షాఫ్టు పొడవు వెంబడి ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. పిస్టన్ టాప్ రింగు పైకొచ్చి ఆగి మళ్లే చోట వేడి, గ్యాసు ఒత్తిడి ఎక్కువ, ఆయిల్ తక్కువ. అందుకే అరుగుదల అక్కడే ఎక్కువ. పిస్టన్ గోడను నెట్టేది అడ్డంగా కాబట్టి ఆ దిక్కున ఇంకా ఎక్కువ.

ఒక ట్రాక్టర్ బోరు పైన అడ్డంగా 100.18, క్రాంకు వెంబడి 100.10, అడుగున అడ్డంగా 100.04 వచ్చిందనుకోండి. ఓవాలిటీ, అంటే పైన రెండు దిక్కుల మధ్య తేడా, 0.08. టేపరు, అంటే పైకీ అడుగుకీ తేడా, 0.14. కొట్టిన బోరుకు వేసే ఓవర్ సైజు పిస్టన్లు సాధారణంగా స్టాండర్డ్ కంటే 0.25, 0.50, 0.75, 1.00 మెట్లలో దొరుకుతాయి. అరిగింది 0.18 కదా, 0.25 చాలు అనిపిస్తుంది. కానీ ఆ 0.18 అంతా ఒకే గోడ మీద పోయి ఉండొచ్చు. పాత సెంటరు కదలకుండా ఆ గోడ శుభ్రం కావాలంటే రెండు వైపులా 0.18 తియ్యాలి, అంటే 100.36. కాబట్టి 0.50కి వెళ్లాలి. సెంటరును కొంచెం పక్కకు జరిపి 0.25తోనే సరిపెట్టే షాపులూ ఉన్నాయి. నాకు ఆ పని నచ్చదు. కస్టమర్‌కు పిస్టన్ ఖర్చులో కలిసొచ్చేదేమీ లేదు, బోరు మాత్రం క్రాంకుకు పక్కకు పోతుంది.

మన మే నెల ఎండను మరవకండి. 100 మి.మీ. అల్యూమినియం పిస్టన్ బ్లాకు కంటే 20 డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు 0.04 పెరుగుతుంది. ఎండలోంచి తెచ్చిన సామాను నీడలో, బ్లాకు పక్కనే గంటలకొద్దీ ఉంచాకే కొలవండి.

వచ్చే పాఠానికి లెక్క: స్టాండర్డ్ 95.00, పైన అడ్డంగా 95.11, అరుగుదల అంతా ఒకే గోడ మీద. హోనింగ్‌కు (చివర్లో రాళ్లతో గోడకు ఫినిషింగ్ ఇవ్వడానికి) 0.05 మిగలాలి. 0.25 సరిపోతుందా?