హార్డ్‌టెయిలా, ఫుల్ సస్పెన్షనా: మౌంటెన్ బైక్ ఎంపిక

మౌంటెన్ బైక్ కొనేవారు ధర చూడడానికి ముందు, తాము ఎక్కువగా ఏ దారుల్లో తొక్కుతారో తేల్చుకోవాలి. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు కరకట్ట మీదో, గుంటూరు చుట్టుపక్కల మిరప చేల మధ్య డొంకల్లోనో తిరిగేవారికి హార్డ్‌టెయిల్ చాలు. దీనిలో ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్‌లో మాత్రమే సస్పెన్షన్, అంటే కుదుపును పీల్చుకునే ఏర్పాటు, ఉంటుంది. వెనుక భాగం బిగువుగా ఉండడం వల్ల తొక్కిన బలం పెద్దగా వృథా కాకుండా చక్రానికి చేరుతుంది, బరువూ తగ్గుతుంది.

ఫుల్ సస్పెన్షన్‌లో వెనుక చక్రం కుదుపును పీల్చుకునే షాక్ కూడా ఉంటుంది. కొండపల్లి కొండల్లాంటి రాతి వాలుల్లో వేగంగా దిగేటప్పుడు వెనుక చక్రం ఎగిరిపడకుండా నేలను అంటిపెట్టుకుని ఉండడం, బ్రేకు పట్టు తప్పకపోవడం దీని అసలు ప్రయోజనం; నడుము నొప్పి తగ్గడం ఆ తర్వాతి మాట. అయితే షాక్‌కూ, ఫ్రేము కీళ్లలోని బేరింగులకూ క్రమం తప్పకుండా సర్వీసు చేయించాలి. వానాకాలంలో నల్లరేగడి బురద ఆ కీళ్లలో చేరి ఎండిందంటే ఖర్చు తప్పదు. చవక రకం ఫుల్ సస్పెన్షన్ బైకులను మాత్రం నేను గట్టిగా వద్దంటాను: వాటి షాక్‌లో చాలాసార్లు స్ప్రింగే తప్ప దాని ఊపును అదుపు చేసే డ్యాంపింగ్ ఉండదు కనుక, పెడల్ తొక్కిన ప్రతిసారీ బైకు ఊగుతుంది.

స్ప్రింగుకు బదులు గాలి ఒత్తిడితో పనిచేసే షాక్ ఉన్న బైకును నడిపి చూసే ముందు, మీ బరువుకు అది ఎంత కుంగుతుందో చూడాలి: షాక్ మీది రబ్బరు రింగును సీలు (కడ్డీ షాక్ గొట్టంలోకి దూరే చోటు) దాకా జరిపి, సీటు మీద నెమ్మదిగా కూర్చుని, కుదుపు లేకుండా దిగండి. రింగు జరిగిన దూరం షాక్ మొత్తం కదలికలో 25 నుంచి 30 శాతం ఉండాలి. ఎక్కువైతే షాక్ పంపుతో గాలి పెంచాలి, తక్కువైతే తగ్గించాలి. హార్డ్‌టెయిల్ ఫోర్క్‌కు 15 నుంచి 20 శాతం సరిపోతుంది. వెనుక కుదుపు ఇబ్బంది పెడితే, ఫ్రేములో పట్టేంత వెడల్పాటి టైరు వేసి గాలి కాస్త తగ్గించుకోవచ్చు.