క్వీన్స్‌లో అద్దె ఇల్లు: హౌసింగ్ కనెక్ట్ లాటరీకి దరఖాస్తు విధానం

న్యూయార్క్‌లోని క్వీన్స్ బరోలో మనవాళ్లు ఎక్కడ కలిసినా, ఫ్లషింగ్ గణేశ్ గుడి క్యాంటీన్‌లో దోసె ముందు కూర్చున్నా సరే, మాట చివరికి అద్దె దగ్గరికే వస్తుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ ఒక్క బరోలోనే 24 లక్షల మంది ఉన్నారు. అందులో దాదాపు సగం మంది వేరే దేశంలో పుట్టినవాళ్లు. ఫ్లషింగ్‌లో చైనీయులు, కొరియన్లు, రిచ్‌మండ్ హిల్‌లో పంజాబీలు, గయానా నుంచి వచ్చినవాళ్లు, జాక్సన్ హైట్స్‌లో బంగ్లాదేశీయులు, నేపాలీలు, కొలంబియన్లు. ఇంతమందిలో కొత్తగా వచ్చినవాళ్లు ఇల్లు వెతుక్కునే తీరు మాత్రం ఒకటే. తెలిసినవాళ్లను అడుగుతారు, వాళ్లు ఒక బేస్‌మెంట్ చూపిస్తారు, నెలనెలా క్యాష్ చేతిలో పెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. నగరమే నడిపే ఇంకో దారి ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ దారి పేరు హౌసింగ్ కనెక్ట్. నగర గృహనిర్మాణ శాఖ (అందరూ హెచ్‌పీడీ అంటారు), హౌసింగ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ కలిసి నడిపే వెబ్‌సైట్ ఇది. నగరం నుంచి పన్ను రాయితీలో, రుణాలో తీసుకుని కట్టిన భవనాల్లో కొన్ని ఫ్లాట్లను ఆదాయానికి తగ్గ అద్దెకు ఇవ్వాలి. వాటిని ఎవరికివ్వాలో లాటరీ తేలుస్తుంది. పోటీ చాలా ఎక్కువ. లాంగ్ ఐలాండ్ సిటీలోని హంటర్స్ పాయింట్ సౌత్‌లో తొలి దశ 925 ఫ్లాట్లకు 90 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అయినా దరఖాస్తుకు పైసా ఖర్చు లేదు కాబట్టి అర్హత ఉన్న ప్రతి లాటరీకీ పెట్టండి. నంబరు రావడం మన చేతిలో లేదు. వచ్చిన నంబరు కాగితాల దగ్గర పోకుండా చూసుకోవడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఎవరు పెట్టుకోవచ్చు

18 ఏళ్లు నిండి ఉండాలి. పౌరసత్వం ఉండాలన్న నిబంధన లేదు. ఆదాయం మాత్రం ఆ ప్రకటనలో ఇచ్చిన కనిష్ఠ, గరిష్ఠ అంకెల మధ్య పడాలి. ఈ అంకెలను ప్రాంత మధ్యస్థ (మీడియన్) ఆదాయాన్ని బట్టి కడతారు. ప్రకటనల్లో ఏఎంఐ అని కనిపించేది అదే. 2025 లెక్క ప్రకారం ముగ్గురున్న కుటుంబానికి 100 శాతం ఏఎంఐ అంటే ఏడాదికి 1,45,800 డాలర్లు. 60 శాతం అంటే 87,480. 130 శాతం అంటే 1,89,540. ఈ చివరి అంకె చూడమని ప్రత్యేకంగా చెబుతున్నాను. "మాది సాఫ్ట్‌వేర్ జీతం, మాకెందుకు వస్తుంది" అని అసలు ప్రకటన తెరవనివాళ్లు మనలో చాలామంది. ఒక్కరే సంపాదించే ఇంటికి 130 శాతం ఫ్లాట్లు, అంటే 130 శాతం ఏఎంఐ వరకు ఆదాయం ఉన్నవాళ్లకిచ్చేవి, సరిగ్గా సరిపోవచ్చు. అద్దె మరీ చవకగా ఉండదు, కానీ చాలావరకు ఇవి రెంట్ స్టెబిలైజ్డ్ ఫ్లాట్లు. అంటే అద్దె ఎంత పెంచాలో ఓనరు ఇష్టం కాదు, లీజు పొడిగించుకునే హక్కు మీకుంటుంది.

కుటుంబ సంఖ్యకూ లెక్క ఉంది. ఒక బెడ్‌రూమ్ ఫ్లాట్‌కు ఒకరి నుంచి ముగ్గురు, రెండు బెడ్‌రూమ్‌లకు ఇద్దరి నుంచి ఐదుగురు, మూడింటికి ముగ్గురి నుంచి ఏడుగురు. ఆరు నెలలు ఉండి వెళ్లడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను లెక్కలో వేయకండి. ఆ ఇంట్లో మీతో కలిసి కాపురం ఉండేవాళ్ల పేర్లే రాయాలి. చదువుకునే పిల్లలు నలుగురు కలిసి పెడదామనుకుంటే ఒక మాట. ట్యాక్స్ క్రెడిట్ (ఫెడరల్ పన్ను రాయితీ)తో కట్టిన భవనాల్లో, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులే అయితే ఇవ్వరు.

ప్రొఫైల్ నింపేటప్పుడు

హౌసింగ్ కనెక్ట్‌లో ఖాతా తెరిచి ముందు ప్రొఫైల్ నింపాలి. తర్వాత ఏ లాటరీకైనా దాంతోనే పెట్టొచ్చు. స్పానిష్, చైనీస్ లాంటి కొన్ని భాషల్లో సైట్ ఉంది, తెలుగులో లేదు. ఇంగ్లిష్ ఫారాలు ఇబ్బంది అనిపిస్తే హౌసింగ్ అంబాసిడర్లు అనే స్థానిక సంస్థలు ఉచితంగా కూర్చోబెట్టి నింపిస్తాయి. మీ దగ్గర్లో ఏది ఉందో హెచ్‌పీడీ సైట్‌లో దొరుకుతుంది, లేదా నగర హెల్ప్‌లైన్ 311కి ఫోన్ చేయండి. 311లో 175కు పైగా భాషల్లో దుభాషీలు ఉంటారు. మొదటే "తెలుగు" అని అడగాలి.

మనవాళ్లకు మొదటి చిక్కు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి ఉంటుంది, బ్యాంకులో పొడి అక్షరం ఉంటుంది, ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో వచ్చినవాళ్లకు వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. భార్యకు పుట్టింటి పేరు ఒక కాగితంలో, అత్తింటి పేరు ఇంకో కాగితంలో. ఫైలు చూసేవాళ్లకు ఇవన్నీ వేర్వేరు మనుషుల్లా కనిపిస్తాయి. ప్రొఫైల్‌లో పేరు మీ ఫొటో ఐడీలో ఉన్నట్టే రాయండి. మిగతా కాగితాలను ఇప్పటి నుంచే దానికి సరిచేయించుకోండి. బ్యాంకులో పేరు మార్పు కూడా అనుకున్నంత త్వరగా అవదు.

రెండోది ఆదాయం. పన్నులు పోయాక చేతికొచ్చేది కాదు, పన్నులకు ముందుది రాయాలి. ఒక ఉదాహరణ. జీతం 84,000 డాలర్లు, ముగ్గురు మనుషులు, 60 శాతం ఫ్లాట్. పరిమితి 87,480 కాబట్టి సరిపోయిందనుకుంటాం. ఇప్పుడు పే స్టబ్ (జీతం చీటీ) తీసి వైటీడీ అన్న గడి చూడండి. జనవరి నుంచి ఆ రోజు వరకు వచ్చిన మొత్తం అందులో ఉంటుంది, ఓవర్‌టైమ్‌తో కలిపి. ఆ ఓవర్‌టైమ్ ఏడాదికి 5,000 తేలితే ఆదాయం 89,000 అవుతుంది. ఫైలు అక్కడే ఆగిపోతుంది. అందుకే ఓవర్‌టైమ్, బోనస్, టిప్పులు, వారాంతం చేసే చిన్న పని కూడా ముందే కలిపి, ఏ శాతంలో పడతామో చూసుకుని పెట్టాలి. సొంత పని చేసుకునేవాళ్లయితే ఖర్చులు పోగా మిగిలింది రాయాలి. ఆస్తుల గురించి అడిగినచోట విజయవాడలో ఫ్లాట్ ఉన్నా, ఊళ్లో పొలం ఉన్నా దాచకండి.

లాటరీ ఎలా జరుగుతుంది

గడువు ఎప్పటివరకో ప్రకటనలోనే ఉంటుంది. మొదటి రోజు పెట్టినా చివరి రోజు పెట్టినా ఒకటే, ముందొచ్చినవాళ్లకు ముందు అనేది లేదు. గడువు ముగిశాక అందరికీ లాగ్ నంబర్లు వేస్తారు. నంబరు ఎంత చిన్నదైతే అంత ముందు పిలుస్తారు. ఒక ఇంటి నుంచి ఒక్క దరఖాస్తే. భర్త ఒకటి, భార్య ఒకటి పెడితే అవకాశం రెట్టింపు కాదు, రెండూ తీసేయొచ్చు.

కొందరికి ప్రాధాన్యం ఉంటుంది. నడకలో ఇబ్బంది ఉన్నవాళ్లకు అనువైన ఫ్లాట్లు 5 శాతం, చూపు లేదా వినికిడి లోపం ఉన్నవాళ్లకు 2 శాతం, నగర ఉద్యోగులకు 5 శాతం. ఆ భవనం ఉన్న కమ్యూనిటీ బోర్డు (పేటల వారీ స్థానిక మండలి) పరిధిలో ఉండేవాళ్లకు ఒకప్పుడు సగం ఫ్లాట్లు దక్కేవి. 2024 జనవరిలో కోర్టు కేసు రాజీతో అది 20 శాతానికి తగ్గింది. 2029 ఏప్రిల్ తర్వాత 15 శాతం అవుతుంది. ఈ మార్పు మనలాంటివాళ్లకు మంచిదే అనిపిస్తుంది. ఫ్లషింగ్‌లో ఉన్నవాళ్లకు ఆస్టోరియా భవనంలో కూడా ఇప్పుడు అవకాశం పెరిగింది. క్వీన్స్‌లో ఇలాంటి బోర్డులు 14. మీది ఏదో తెలుసుకుని ప్రొఫైల్‌లో చిరునామా సరిగ్గా ఇవ్వండి. జెర్సీ సిటీ, ఎడిసన్‌లో ఉండేవాళ్లూ పెట్టొచ్చు గానీ, న్యూయార్క్ నగరంలో ఉండేవాళ్ల తర్వాతే వాళ్ల వంతు.

డబ్బిస్తే నంబరు ముందుకు జరుపుతామని వాట్సాప్‌లో మెసేజీలు వస్తుంటాయి. నంబరును ఎవరూ జరపలేరు. ఒక్క డాలరు కూడా ఇవ్వకండి.

నంబరు వచ్చాక

పిలుపు రావడానికి నెలలు పడుతుంది, కొన్నిసార్లు ఏడాది దాటుతుంది. ఈమెయిల్‌లోనే వస్తుంది కాబట్టి స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తుండాలి. పిలుపు వచ్చాక కాగితాలివ్వడానికి ఉండేది కొద్ది రోజులే. గుర్తింపు కార్డులు, పిల్లల జనన ధ్రువపత్రాలు, వరుసగా ఇటీవలి పే స్టబ్బులు, ట్యాక్స్ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇప్పుడున్న ఇంటి లీజు, కరెంటు బిల్లు. వీటన్నిటినీ ముందే ఒక ఫోల్డర్‌లో స్కాన్ చేసి పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

నా మొదటి నంబరు పోయింది ఇక్కడే. అమెరికా వచ్చి ఎక్కువ కాలం కాలేదు, క్రెడిట్ హిస్టరీ (అప్పులు తీర్చిన రికార్డు) లేదు. క్రెడిట్ చెక్ బదులు గత 12 నెలల అద్దె సక్రమంగా కట్టినట్టు రుజువు చూపించొచ్చన్నారు. అద్దె ఒక్క నెల కూడా ఆపలేదు నేను. కానీ అంతా క్యాష్. మా బేస్‌మెంట్ ఓనరు ఉత్తరం రాసివ్వనన్నాడు. ఏటీఎంలో ప్రతి నెల ఒకటో తారీఖు తీసిన డబ్బు స్టేట్‌మెంట్‌లో వరుసగా కనిపిస్తోంది, కానీ అది అద్దెకే అని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. గడువు అయిపోయింది. ఆ రాత్రి మా ఆవిడ ఏమీ అనలేదు, పెట్టెల్లో సర్దిన గిన్నెలు మళ్లీ గట్టు మీద పెట్టింది.

అప్పుడు తెలియనిది ఇప్పుడు చెబుతున్నాను. న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం అద్దె క్యాష్‌గా తీసుకుంటే ఓనరు రసీదు ఇచ్చి తీరాలి. తారీఖు, మొత్తం, ఏ నెల అద్దె, ఏ ఇల్లు, తీసుకున్నవాళ్ల సంతకం ఉండాలి. అడగడానికి మొహమాటపడకండి. మాట పెరుగుతుందనుకుంటే చెక్కు ఇవ్వడం మొదలుపెట్టండి, దాని కింద నెల పేరు రాయండి. ఈ నెల నుంచే చేస్తే వచ్చే ఏడాదికి మీ చేతిలో 12 నెలల రుజువు ఉంటుంది. నేను అలాగే చేశాను. తర్వాత వచ్చిన నంబరు నిలబడింది.

తిరస్కరిస్తే కారణం రాస్తూ నోటీసు వస్తుంది. అప్పీలు చేసుకోవడానికి 10 పనిదినాలుంటాయి. కారణాన్ని రెండుసార్లు చదవండి. ఆదాయం తప్పుగా లెక్కేశారంటే సరైన పే స్టబ్‌తో, పేరు తేడా అంటే పాస్‌పోర్టుతో జవాబివ్వండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, రాతపూర్వకంగానే పంపండి. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే హెచ్‌పీడీకి ఫిర్యాదు చేయొచ్చు.

అన్నీ కుదిరి లీజు దాకా వస్తే సంతకానికి ముందు ఫ్లాట్ చూడండి. పంపులు తిప్పి, కిటికీలు తెరిచి మూసి, స్టవ్ వెలిగించి చూడండి. అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించి తీసుకోకూడదు. క్రెడిట్ చెక్ రుసుము 20 డాలర్లు దాటకూడదు. ఓనరు పెట్టుకున్న బ్రోకరుకు ఫీజు మీరు కట్టనక్కర్లేదని 2025 జూన్ 11 నుంచి నగర చట్టమే ఉంది. ప్రభుత్వమే ఓనరుగా ఉండే నైచా ఇళ్లు, మధ్యతరగతి కోసం ప్రభుత్వ సాయంతో కట్టిన మిచెల్ లామా భవనాలు ఈ లాటరీలోకి రావు, వాటికి విడిగా పెట్టుకోవాలి. ఆ వరుసల్లో ఏళ్లు పట్టొచ్చు కాబట్టి ఈ పనీ ఆ పనీ ఒకేసారి మొదలుపెట్టండి.